తెర మీది యుద్ధాలు – 4: టోక్యో వదిలిన పగ్గాలు

అమెరికాలో వీడియో గేమ్ మార్కెట్ 1983లో ఎలా కుప్పకూలిందో గత భాగంలో చూశాం. అమ్ముడుపోని కార్ట్రిడ్జిలను అటారీ కంపెనీ న్యూ మెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టింది. వీడియో గేమ్ అన్న మాట వింటేనే దుకాణదారులు ముఖం తిప్పుకుంటున్న ఆ రోజుల్లో, 1985లో, క్యోటో నుంచి నింటెండో వచ్చింది. తన పెట్టెకి ఒక బొమ్మ రోబోను జతచేసి, ఇది పిల్లల ఆటబొమ్మే తప్ప మరొకటి కాదని నచ్చజెప్పి, అంగళ్ళలో అరచేయంత చోటు సంపాదించింది. అయిదేళ్ళు తిరిగేసరికి ఆ చోటే సామ్రాజ్యమైంది. 1990 నాటికి అమెరికా ఇళ్ళలోని వీడియో గేముల వ్యాపారంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు నింటెండోదే. ఆ సామ్రాజ్యం మీదికి సెగా దండెత్తిన కథ ఇది.

ఈ యుద్ధాన్ని రెండు యంత్రాల పోటీగా చెప్పుకోవడం అలవాటు. ఏ పెట్టెలో ఏ చిప్పు ఉంది, ఏ ఆట ఎన్ని లక్షలు అమ్ముడైంది అన్న లెక్కలతో కథ ముగుస్తుంది. లెక్కలు అవసరమే, నేనూ చెబుతాను. కానీ సెగా ఎక్కడ గెలిచిందో వెళ్ళి చూస్తే, అక్కడ టోక్యోలోని పెద్దలు తమకు ససేమిరా నచ్చని నిర్ణయాన్ని అడ్డుకోకుండా ఊరుకున్నారు. ఎక్కడ ఓడిందో చూస్తే, పగ్గాలు మళ్ళీ తమ చేతిలోకి లాక్కున్నారు. నాకు ఈ యుద్ధంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అదే.

ముందు నింటెండో పట్టు ఎంత బిగువో తెలియాలి. కంపెనీ అధిపతి హిరోషి యమౌచి. 1889లో హనాఫుదా పేకముక్కల తయారీతో మొదలైన కుటుంబ సంస్థకి, దాన్ని స్థాపించినాయన మునిమనవడు. అమెరికా వ్యవహారాలు చూసేది ఆయన అల్లుడు మినోరు అరకావా. నింటెండో పెట్టె మీద ఆడే ఆటలు తయారు చేయాలంటే బయటి కంపెనీలు ఒక ఒప్పందానికి తల ఒగ్గాలి. ఏడాదికి అయిదు ఆటలకు మించి విడుదల చేయకూడదు. చేసిన ఆటను రెండేళ్ళ దాకా మరో పెట్టెకి ఇవ్వకూడదు. కార్ట్రిడ్జిలు నింటెండోయే తయారుచేసి ఇస్తుంది, డబ్బు మాత్రం ముందే కట్టాలి. వీటన్నిటికీ కాపలాగా పెట్టె లోపల ఒక తాళం చిప్పు ఉండేది. దానికి జోడీ చిప్పు లేని కార్ట్రిడ్జి పెడితే ఆట నడవదు.

ఈ నియమాలకు కారణం లేకపోలేదు. చెత్త ఆటలు వరదలా వచ్చిపడి 1983లో మార్కెట్ మునిగిపోవడం అందరూ కళ్ళారా చూశారు. ఆ వరదకి కట్టిన గట్టే క్రమంగా కోటగోడ అయింది. ధరలు తగ్గించి అమ్మకుండా దుకాణాల మీద ఒత్తిడి తెచ్చిందన్న ఆరోపణల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపితే, 1991లో నింటెండో రాజీకి వచ్చింది. కొనుగోలుదారులకు అయిదేసి డాలర్ల కూపన్లు ఇచ్చింది. ఆ కూపన్లు చెల్లేది నింటెండో కార్ట్రిడ్జిలకే కాబట్టి, పరిహారం కూడా చివరికి నింటెండో గల్లాపెట్టెకే తిరిగొచ్చింది.

అమెరికా పిల్లవాడి దినచర్యలో ఈ పెట్టె ఎంతగా కలిసిపోయిందంటే, ఆటలో ఎక్కడైనా చిక్కుకుపోతే ఫోన్ చేసి అడగడానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో నింటెండో మనుషుల్ని కూర్చోబెట్టింది. ఆ గదిలో ఒక్కొక్కరి ముందూ ఒక టీవీ, ఒక పెట్టె, పక్కన దారుల పటాలున్న దస్త్రాలు. అవతల ఫోన్లో ఏదో ఊరి పిల్లవాడు ఫలానా కోటలో తలుపు తెరుచుకోవడం లేదని మొరపెట్టుకుంటాడు, ఇవతలి మనిషి పటం తిప్పి దారి చెబుతాడు. 1988 నుంచి కంపెనీ సొంత పత్రిక, నింటెండో పవర్, ఇళ్ళకే వచ్చేది. తెర మీద బొమ్మ రాకపోతే కార్ట్రిడ్జి బయటికి లాగి అడుగున గట్టిగా ఊది మళ్ళీ పెట్టడం పిల్లలందరికీ తెలిసిన వైద్యం. ఊదితే తడి తగిలి పిన్నులు పాడవుతాయని కంపెనీ మొత్తుకున్నా ఎవరూ విన్లేదు. హైదరాబాదులో, విజయవాడలో తొంభైల్లో పెరిగినవాళ్ళకీ ఆ ఊదుడు గుర్తుండే ఉంటుంది. మన ఇళ్ళలోకి వచ్చినవి చాలావరకు నింటెండో పెట్టెకి నకళ్ళు. అయినా వైద్యం మాత్రం అదే.

ఇక సెగా. పుట్టుకలోనే ఇందులో రెండు దేశాల రక్తం ఉంది. సైనిక స్థావరాల్లో నాణెం వేసి ఆడే యంత్రాలు నడిపిన అమెరికన్ల వ్యాపారం ఒకవైపు, టోక్యోలో స్థిరపడిన అమెరికన్ డేవిడ్ రోసెన్ కంపెనీ మరోవైపు. 1965లో రెండూ కలిసి సెగా ఎంటర్‌ప్రైజెస్ అయింది. ఆర్కేడ్ యంత్రాల్లో దానికి మంచి పేరు. ఇంటి పెట్టెల్లో మాత్రం ఎప్పుడూ చుక్కెదురే. అధ్యక్షుడు హయావో నకయామా పట్టు వదలని మనిషి. నింటెండో ఇంకా 8 బిట్ల యంత్రం మీదే ఉండగా, ఆర్కేడ్ యంత్రాల్లో వాడే మోటరోలా 68000 ప్రాసెసర్‌తో 16 బిట్ల పెట్టెను తెచ్చాడు. దాని పేరు మెగా డ్రైవ్, జపాన్‌లో విడుదలైంది 1988 అక్టోబరు 29న. సరిగ్గా ఆరు రోజుల ముందు నింటెండో ఆట సూపర్ మారియో బ్రదర్స్ 3 విడుదలైంది. దేశం దేశమంతా మారియో ధ్యానంలో ఉంటే మెగా డ్రైవ్‌ను పలకరించినవాళ్ళు తక్కువ. సొంత గడ్డ మీద ఆ పెట్టె చివరిదాకా తల ఎత్తలేకపోయింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత జరిగిన అనర్థానికి మూలం ఇక్కడే ఉంది.

1989 ఆగస్టులో అదే పెట్టె జెనెసిస్ పేరుతో అమెరికాలో దిగింది. ధర 189 డాలర్లు. అక్కడి అధిపతి మైకేల్ కాట్జ్ ఒక తెగువ చూపించాడు. నింటెండో చేయలేనిది మా పెట్టె చేస్తుందని పేరు పెట్టి ప్రకటనలు వేశాడు. మంచి ఆటలు చేసే కంపెనీలన్నీ నింటెండో ఒప్పందంలో చిక్కుకున్నాయి కాబట్టి, ప్రముఖుల పేర్లు కొన్నాడు. ఫుట్‌బాల్ వీరుడు జో మోంటానా పేరు మీద ఒక ఆట, మైకేల్ జాక్సన్ మూన్‌వాకర్ మరొకటి. ఈలోగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అధిపతి ట్రిప్ హాకిన్స్ మరో దారి తొక్కాడు. తన ఇంజనీర్ల చేత జెనెసిస్ పెట్టెను విప్పించి, అది ఎలా పనిచేస్తుందో సెగా సాయం లేకుండానే కనిపెట్టించాడు. ఆ తర్వాత సెగా ముందు కూర్చుని, తగ్గింపు ధరకి ఒప్పందం ఇస్తారా, లేక నా దారి నేను చూసుకోనా అన్నాడు. సెగా దిగొచ్చింది. అలా 1990లో జెనెసిస్ మీదికి వచ్చిన జాన్ మాడెన్ ఫుట్‌బాల్, చిన్నపిల్లల బొమ్మగా ఉన్న ఈ పెట్టెను కాలేజీ హాస్టల్ గదుల్లోకి తీసుకెళ్ళింది. తర్వాత వచ్చిన సోనిక్ ఆట మెరుపులో ఈ సంగతి మరుగునపడింది గాని, నా దృష్టిలో సెగా తొలి గెలుపు ఇదే.

అయినా నకయామాకి తృప్తి లేదు. 1990లో హవాయి సముద్రతీరంలో కుటుంబంతో సేదతీరుతున్న టామ్ కలిన్స్కే అనే వ్యక్తిని వెతుక్కుంటూ వెళ్ళాడు. కలిన్స్కే వీడియో గేముల మనిషి కాడు. మాటెల్ కంపెనీలో బార్బీ బొమ్మకి మళ్ళీ ప్రాణం పోసినవాడిగా, హీ-మ్యాన్ బొమ్మల్ని నిలబెట్టినవాడిగా పేరు. నకయామా అతన్ని టోక్యో తీసుకెళ్ళి, తమ ప్రయోగశాలలో ఉన్నదంతా చూపించి, సెగా ఆఫ్ అమెరికా అప్పజెప్పాడు.

కొన్ని నెలల తర్వాత కలిన్స్కే టోక్యోలో డైరెక్టర్ల ముందు తన పథకం పెట్టాడు. పెట్టె ధర 149 డాలర్లకు తగ్గించాలి. కాలిఫోర్నియాలో సొంత ఆటల తయారీ పెంచాలి. నింటెండోని పేరు పెట్టి వెక్కిరిస్తూ ప్రకటనలు ఇవ్వాలి. పెట్టెతోపాటు ఉచితంగా ఇస్తున్న ఆల్టర్డ్ బీస్ట్ తీసేసి, ఇంకా విడుదల కాని తమ అత్యుత్తమ ఆటను ఇవ్వాలి. గదిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. ప్రత్యర్థిని పేరు పెట్టి ఎగతాళి చేయడం జపాన్ వ్యాపార మర్యాదకి విరుద్ధం. అంతకన్నా, ఖర్చు పెట్టి చేసిన మేలైన ఆటను ఊరికే పంచిపెట్టడమేమిటని పెద్దలు మండిపడ్డారు. కలిన్స్కే తర్వాతి ఇంటర్వ్యూల్లో చెప్పిన ప్రకారం, నకయామా లేచి కుర్చీని తన్ని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. అమెరికా విషయాలు నిర్ణయించడానికే నిన్ను పెట్టుకున్నాను, నీ ఇష్టప్రకారం చెయ్యి అని వెళ్ళిపోయాడు. అంత కోపంలోనూ ఆయన పగ్గాలు వదిలాడు. పెట్టె మీద నష్టం వచ్చినా సరే, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు వరుసగా కొనే ఆటల మీద సంపాదించవచ్చన్న లెక్క ఆ రోజు నెగ్గింది.

ఆ 'అత్యుత్తమ ఆట' సోనిక్. మారియోకి దీటైన పాత్ర కావాలని సెగా లోపల ఊహలు రాబట్టారు. చెవులతో వస్తువుల్ని పట్టుకునే కుందేలు, ఒక కుక్క, మీసాల పెద్దాయన, ఇలా బొమ్మలు గీశారు. చిత్రకారుడు నావోతో ఓషిమా న్యూయార్క్ వెళ్ళినప్పుడు సెంట్రల్ పార్క్‌లో దారిన పోయేవాళ్ళకి ఆ బొమ్మలు చూపించి ఏది నచ్చిందని అడిగాడు. ఎక్కువమంది వేలు పెట్టింది హెడ్జ్‌హాగ్ మీద. ఒళ్ళంతా ముళ్ళతో, ఉండలా చుట్టుకుపోగల చిన్న జంతువు అది. మీసాల పెద్దాయన రెండో స్థానంలో వచ్చి తర్వాత ఆటలో దుర్మార్గుడు ఎగ్‌మాన్ అయ్యాడు. హెడ్జ్‌హాగ్‌కి సెగా ముద్ర రంగైన నీలం వేశారు.

ప్రోగ్రామర్ యూజీ నాకాకి మారియో ఆడుతున్నప్పుడల్లా ఒక అసహనం ఉండేది. ప్రతిసారీ మొదటి దశ నుంచే మొదలుపెట్టాలి, తెలిసిన దారిలో ఇంకా వేగంగా దూసుకుపోతే బాగుండు కదా అని. వంపుల మీద, గుండ్రని మలుపుల మీద పాత్ర జారిపోకుండా సాఫీగా పరుగెత్తే లెక్కను అతను రాశాడు. దశల రూపకర్త హిరోకాజు యాసుహారా మొదటి దశ పచ్చని కొండల్ని మళ్ళీ మళ్ళీ చెరిపి గీశాడు. వేగం ఎక్కువైతే ఆడేవాడికి చేతకాదు, తక్కువైతే సోనిక్‌కి అర్థం లేదు. 1991 జూన్ 23న విడుదలైన ఆ ఆటను ఆడి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. బొత్తాం ఒక్కటే, దూకడానికి. మిగతాదంతా కొండ వాలు చూసుకుంటుంది.

రెండు నెలలకే నింటెండో తన 16 బిట్ల యంత్రం సూపర్ నింటెండోతో అమెరికాలో దిగింది. జపాన్‌లో 1990 నవంబరులో అదే యంత్రం సూపర్ ఫామికామ్ పేరుతో విడుదలైనప్పుడు, దొంగల ముఠాల భయంతో సరుకును రాత్రివేళ లారీల్లో దుకాణాలకు చేర్చారు. వచ్చిన 3 లక్షల పెట్టెలూ గంటల్లో ఖాళీ. అమెరికాలో మాత్రం అంత సులభం కాలేదు. 199 డాలర్లు పెట్టి కొన్న కొత్త పెట్టెలో పాత కార్ట్రిడ్జిలు పనిచేయవని తెలిసి తల్లిదండ్రులు గుర్రుమన్నారు. ఒక్కో ఆటా ఏరుకుని కొనిచ్చి, అలమర నింపినవాళ్ళు మరి. ఎలాగూ కొత్తగా కొనాలి అన్నప్పుడు 50 డాలర్లు తక్కువలో సోనిక్‌తో కలిపి ఇస్తున్న పెట్టె కళ్ళకి కనబడింది. 1991 క్రిస్మస్ అమ్మకాల్లో జెనెసిస్ ముందుకెళ్ళింది. 1992 మొదట్లో 16 బిట్ల మార్కెట్లో సెగా వాటా సుమారు 65 శాతం.

మామూలు ఇంట్లో పిల్లలకి ఒక పెట్టే కొనిస్తారు, రెండోది అడిగే ప్రసక్తి లేదు. అందుకని ఏ పెట్టె ఇంటికొస్తే ఆ పక్షమే. బడి ఆవరణలో వాదనలు, అవతలి పెట్టె ఉన్న స్నేహితుడి ఇంటికి శనివారం పరుగులు, అద్దె దుకాణంలో కార్ట్రిడ్జి కోసం శుక్రవారం సాయంత్రం పోటీలు. సెగా ప్రకటనలు కావాలనే ఈ వాదనలకి ఆజ్యం పోశాయి. గబగబా మారే దృశ్యాలు, చివర సెగా అని ఒక అరుపు. నింటెండో తమ్ముడి పెట్టె, సెగా అన్నయ్య పెట్టె అన్న భావన పన్నెండేళ్ళ పిల్లవాడి మనసులో నాటుకుంది.

అప్పటికీ దేశంలోని అతిపెద్ద దుకాణాల వ్యవస్థ వాల్‌మార్ట్ జెనెసిస్‌ను ముట్టుకోలేదు. నింటెండోతో సాగుతున్న వ్యాపారాన్ని చెడగొట్టుకోవడం వాళ్ళకి ఇష్టం లేదు. కలిన్స్కే చెప్పుకునే కథ ఇక్కడ బాగుంటుంది. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఆర్కన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఉంది. ఆ ప్రాంతంలో సెగా ఒక దుకాణం అద్దెకి తీసుకుని, ఎవరైనా వచ్చి ఉచితంగా ఆడుకోవచ్చంది. ఊరి హోర్డింగులన్నీ సెగా పేరుతో నింపింది. రేడియోలో సెగా, ఫుట్‌బాల్ మైదానంలో సీట్ల మీద వేసుకునే మెత్తల మీద కూడా సెగా. వాల్‌మార్ట్ అధికారి ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆ పేరు చూడకుండా ఉండలేడు. చివరికి వాళ్ళే ఫోన్ చేసి, ఇక చాలించండి, మీ సరుకు పెట్టుకుంటాం అన్నారట.

ఇదే సమయంలో యూజీ నాకా టోక్యో సెగాతో పొసగక రాజీనామా చేశాడు. జీతం దగ్గరా, గుర్తింపు దగ్గరా అసంతృప్తి. కాలిఫోర్నియాలోని సెగా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న మార్క్ సెర్నీ అతన్ని అక్కడికి రప్పించాడు. సోనిక్ 2 ఆ విధంగా అమెరికా గడ్డ మీద, జపాన్ వాళ్ళూ అమెరికన్లూ ఒకే గదుల్లో కూర్చుని చేసిన ఆట అయింది. 1992 నవంబరు 24, మంగళవారం, ఒకే రోజున దేశమంతటా దాన్ని విడుదల చేశారు. సినిమాకి ఉన్నట్టు ఆటకి 'విడుదల రోజు' అన్న హడావిడి అమెరికాలో ఇంత పెద్ద ఎత్తున జరగడం అప్పటికి కొత్త.

ఇంతలో మోర్టల్ కాంబాట్ వచ్చింది. ఆర్కేడ్‌లో పేరు మోసిన ఈ కొట్లాట ఆట 1993 సెప్టెంబరు 13న రెండు పెట్టెల మీదికీ ఒకేరోజు దిగింది. నింటెండో ఒప్పుకోక, నెత్తురు తీసేయించి బూడిదరంగు చెమట చుక్కలు వేయించింది. సెగా పెట్టెలోనూ మామూలుగా నెత్తురు కనిపించదు, కానీ ఏడు బొత్తాలు ఒక వరుసలో నొక్కితే బయటపడేది. వారం తిరక్కుండా ఆ వరుస నోటికి రాని పిల్లవాడు లేడు. సెగా ఆట అమ్మకాల్లో ముందుంది.

సెనేటర్ జోసెఫ్ లీబర్‌మన్ కార్యాలయ అధికారి ఒకరు, తన కొడుకు ఈ ఆట కొనివ్వమని అడుగుతున్నాడని ఆయన చెవిన వేశాడు. లీబర్‌మన్ తెప్పించుకుని చూసి నివ్వెరపోయాడు. క్రిస్మస్ కొనుగోళ్ళు జోరుగా సాగుతున్న 1993 డిసెంబరు 9న ఆయన, హెర్బ్ కోల్ కలిసి సెనేట్‌లో విచారణ పెట్టారు. నింటెండో తరఫున హోవర్డ్ లింకన్, సెగా తరఫున బిల్ వైట్ వచ్చారు. వైట్ అంతకుముందు నింటెండోలో పనిచేసినవాడే. సెనేటర్ల ముందు ఇద్దరూ ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్నారు. సెగా పెట్టె మీద వచ్చిన నైట్ ట్రాప్ లాంటి ఆట మా పెట్టె మీదికి ఎన్నటికీ రాదని లింకన్ గట్టిగా అన్నాడు. మా ఆటలు పెద్దవాళ్ళూ ఆడతారు, అందుకే వయసు గుర్తులు మేమే ముందు పెట్టాం అని వైట్ బదులిచ్చాడు. ఈ పోట్లాటలో ఇద్దరి పరువూ పోయింది. ప్రభుత్వమే చట్టం తెస్తుందన్న భయం ఇద్దరినీ ఒక తాటి మీదికి తెచ్చింది. 1994లో పరిశ్రమ అంతా కలిసి వయసుల వారీ గుర్తింపు సంస్థ ఈఎస్ఆర్‌బీని ఏర్పాటు చేసింది. ఈరోజు ఆటల డబ్బాల మీద కనిపించే అక్షరపు గుర్తులు ఆ కక్షల నుంచి పుట్టినవే. అదే 1994లో మోర్టల్ కాంబాట్ రెండో ఆట నింటెండో పెట్టె మీదికి నెత్తురుతో సహా వచ్చింది. 2018లో నైట్ ట్రాప్ కూడా నింటెండో స్విచ్ మీదికి వచ్చేసింది.

మన దేశానికి ఈ యుద్ధం అంచు మాత్రమే తగిలింది. తొంభైల నడిమిలో షా వాలెస్ కంపెనీ ద్వారా సెగా పెట్టెలు వచ్చాయి. ఒక్కోటి సుమారు 18 వేల రూపాయలు. అప్పటి మధ్యతరగతి ఇంట్లో ఆ డబ్బుకి కలర్ టీవీ వచ్చేది. నకళ్ళు చలామణీలో ఉన్నచోట అసలు సరుకు గాజుబీరువా దాటలేదు.

1994 నుంచి కథ మారింది. టోక్యోలో మెగా డ్రైవ్ ఓటమి ఎప్పుడూ మానని గాయం. అక్కడ సూపర్ ఫామికామ్ కోటి 70 లక్షలు దాటి అమ్ముడైతే, మెగా డ్రైవ్ 35 లక్షల దగ్గరే ఆగింది. అమెరికా వాళ్ళు గెలుస్తున్నారు, మీరెందుకు ఓడుతున్నారని నకయామా సమావేశాల్లో నిలదీసేవాడని, దాంతో అక్కడి అధికారులకి తన మీద అసూయ పుట్టిందని కలిన్స్కే చెప్పాడు. ఆయన ఒక పక్షం మనిషి కాబట్టి ఆ మాటను కొంచెం తగ్గించుకుని వినాలి. అయితే జరిగినవి చూస్తే మాత్రం కాదనడం కష్టం. జపాన్‌లో ఓడిన పెట్టెను టోక్యో త్వరగా వదిలించుకోవాలనుకుంది, ఆ పెట్టే అమెరికాలో కంపెనీకి అన్నం పెడుతున్నా సరే. జెనెసిస్‌కి జతచేసే సెగా సీడీ అప్పటికే ఉంది, 1994 నవంబరులో జెనెసిస్ నెత్తిన తగిలించుకునే 32ఎక్స్, అదే నెలలో జపాన్‌లో శాటర్న్ అనే కొత్త పెట్టె. ఏది కొంటే ఎన్నాళ్ళు పనికొస్తుందో సెగా అభిమానికే తెలియని పరిస్థితి.

అదే నవంబరులో నింటెండో కొత్త యంత్రమేదీ తేలేదు. ఇంగ్లాండ్‌లోని ట్వైక్రాస్ అనే పల్లెలో రేర్ కంపెనీ సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్లతో బొమ్మలు ముందే తయారుచేసి, పాత పెట్టెలోనే కొత్త తరం యంత్రమా అనిపించే ఆట చేసింది. డాంకీ కాంగ్ కంట్రీ. ఆట ఎలా తయారైందో చూపించే వీడియో టేపును నింటెండో తన పత్రిక చందాదారుల ఇళ్ళకే పంపింది. ఉన్న పెట్టెకే కొత్త ఆట చాలునని నింటెండో అంటుంటే, సెగా 32ఎక్స్ కోసం ఇంకో 160 డాలర్లు అడుగుతోంది. తల్లిదండ్రులు ఎటు మొగ్గారో వేరే చెప్పనక్కర్లేదు. లెక్క తేలేసరికి ప్రపంచమంతటా సూపర్ నింటెండో 4 కోట్ల 91 లక్షలు, సెగా పెట్టె సుమారు 3 కోట్లు.

సెగా, నింటెండో ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఉండగా మూడో మనిషి గదిలోకి వచ్చాడు. 1995 మే 11న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన మొదటి ఈ3 ప్రదర్శనలో కలిన్స్కే వేదికెక్కి, శాటర్న్ ఈరోజే కొన్ని దుకాణాల్లోకి వచ్చేసిందనీ, ధర 399 డాలర్లనీ ప్రకటించాడు. సెప్టెంబరు దాకా రాదనుకున్న పెట్టెను ముందే దింపమన్నది టోక్యో ఆదేశం. ఆరోజే సోనీ ప్రతినిధి స్టీవ్ రేస్ వేదికెక్కి, తమ పెట్టె ధరగా ఒకే ఒక్క అంకె పలికి దిగిపోయాడు. ఆ అంకె 299. దాని వెనక ఉన్న కథ 1991 జూన్‌లో షికాగోలో, నింటెండో అందరి ముందూ సోనీకి చేసిన ఒక అవమానంతో మొదలవుతుంది. కెన్ కుతరాగి అనే ఇంజనీరు ఆ అవమానాన్ని ఏం చేసుకున్నాడు, అతని పెట్టెతో చేయి కలిపే అవకాశాన్ని సెగా ఎలా కాలదన్నుకుంది అన్నది వచ్చే భాగంలో.